హ్యాండిల్ కుదిరితేనే అదుపు.. దీపం సూటిగా పడితేనే భద్రత
చీకటి గట్లపై సైకిల్ ప్రయాణం.. చిన్న మార్పులతో తప్పే ముప్పు

భీమవరం: తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల గట్లపై అప్పటికే సైకిళ్ల కదలిక మొదలై ఉంటుంది. చెరువులకు మేత వేసేవారు, రాత్రంతా ఏరియేటర్లకు కాపలా కాసి ఇంటికి మళ్లేవారు, పాల కేంద్రానికి క్యాన్లు మోసుకెళ్లేవారు, పట్టణంలో పత్రికలు పంచే కుర్రాళ్లు.. వీరిలో ఎవరి ప్రయాణానికీ పగటి వెలుతురు తోడుండదు. సాయంత్రం ఏడు దాటాక రైసు మిల్లుల నుంచి, దుకాణాల నుంచి ఊళ్లకు తిరిగివెళ్లే వారిదీ ఇదే పరిస్థితి. మోటారు సైకిళ్లు ఎంత పెరిగినా, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు సైకిల్‌పైనే పనికి వెళ్లివచ్చే కుటుంబ పెద్దలు డెల్టా గ్రామాల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

వీరి సైకిళ్లను పరిశీలిస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. టైర్లు బాగుంటాయి, గొలుసుకు నూనె ఉంటుంది, క్యారియర్ గట్టిగా ఉంటుంది. లేనిదల్లా దీపమే. చాలామంది ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకొని మరో చేత్తో సెల్‌ఫోన్ టార్చి వెలిగించుకొని వెళుతున్నారు. ఫోన్ పట్టుకున్న వైపు బ్రేకు ఆ క్షణం నుంచి లేనట్లే. మన సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. బండిని ఆపే శక్తిలో అధికభాగం దాని నుంచే వస్తుంది. గోతిలో చక్రం పడినా, కుక్క అడ్డం వచ్చినా ఒంటి చేత్తో హ్యాండిల్ నిలవదు. పక్కన కాలువ నిండుగా పారుతుంటే ఆ పొరపాటు మూల్యం ఎంతో చెప్పనక్కర్లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో విస్తరించిన కాలువల గట్లే నేడు అనేక గ్రామాలకు రోడ్లు. వాటిలో పలుచోట్ల పక్క గోడ గానీ, వీధి దీపం గానీ ఉండదు. మరోవైపు పామర్రు నుంచి ఆకివీడు, ఉండి, భీమవరం, పాలకొల్లు మీదుగా సాగే 165వ నంబరు జాతీయ రహదారిపై లారీలు, చేపల వ్యాన్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. దేశవ్యాప్తంగా 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1.68 లక్షల మందిలో దాదాపు 4,800 మంది సైకిలిస్టులని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. ఈ నేపథ్యంలో సైకిల్‌కు ఏ హ్యాండిల్ తగినది, దీపాన్ని ఎక్కడ, ఎలా బిగించాలి అన్న అంశాలు చిన్నవిగా కనిపించినా ప్రాణాలతో ముడిపడినవే.

మూడు రకాల హ్యాండిళ్లు

పనులకు వాడే సైకిళ్లలో ప్రధానంగా మూడు రకాల హ్యాండిళ్లు కనిపిస్తాయి. పాతతరం నల్ల సైకిల్‌కు ఉండేది వెనక్కి వంగి, పిడులు రొమ్ముకు ఎదురుగా వచ్చే హ్యాండిల్. దీనిపై నడుము నిటారుగా ఉంచి కూర్చోవచ్చు. చూపు దూరంగా సాగుతుంది. మణికట్టుపై భారం పడదు. క్యారియర్‌పై బరువు వేసుకొని నిదానంగా వెళ్లేవారికి ఇంతకు మించినది లేదు. బాలికల సైకిళ్లకు ఉండేదీ దాదాపు ఇదే రకం.

రెండోది గేర్ల సైకిళ్లు, రేంజర్ తరహా సైకిళ్లకు ఉండే తిన్నని అడ్డ పైపు. దీనిపై శరీరం కొద్దిగా ముందుకు వంగుతుంది. మలుపుల్లో, గతుకుల్లో పట్టు బాగుంటుంది. బ్రేకు మీటలు వేళ్లకు అందుబాటులో ఉంటాయి. దీపం, గంట బిగించేందుకు కావలసినంత చోటు దొరుకుతుంది. అయితే పిడులు పూర్తిగా అడ్డంగా ఉండటంతో అరగంట తొక్కేసరికి కొందరికి మణికట్టు నొప్పి, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలవుతాయి. అరచేతి చిటికెన వేలి వైపున సాగే నరంపై ఒత్తిడి పడటమే దీనికి కారణం. హ్యాండిల్‌ను కాస్త ఎత్తించుకున్నా, మధ్యలో పైకి లేచి ఉండే రకాన్ని ఎంచుకున్నా ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మూడోది పందెపు సైకిళ్లకు ఉండే కిందికి వంగిన కొమ్ముల హ్యాండిల్. చూడముచ్చటగా ఉంటుందని కళాశాల విద్యార్థులు కొందరు మోజుపడుతున్నారు. ఎదురుగాలిలో వేగంగా పోవడానికి అది పనికొస్తుందే గానీ, వారపు సంతల్లో, బస్టాండు సెంటర్లలో ఆగుతూ సాగుతూ వెళ్లేవారికి మాత్రం తలనొప్పే. తల వంచి తొక్కేవారికి పక్క సందులోంచి వచ్చే ఆటో కనిపించదు. పైగా దానికి వేరే రకం బ్రేకు మీటలు కావాలి. పనికి వెళ్లే సైకిల్‌కు దాన్ని తగిలించడం అనవసరపు ఖర్చనే చెప్పాలి.

కడ్డీ బ్రేకులుంటే తొందరపడొద్దు

నల్ల సైకిల్ హ్యాండిల్ తీసేసి తిన్నని పైపు వేయమని దుకాణాలకు వచ్చేవారు తరచూ ఉంటారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఆ సైకిల్ బ్రేకులు కేబుళ్లతో పనిచేసేవి కావు, కడ్డీలతో పనిచేసేవి. బ్రేకు మీటలు హ్యాండిల్ పైపు పొడవునా అమర్చిన బిళ్లల్లో తిరుగుతూ, మధ్యలో ఉన్న కడ్డీని పైకి లాగుతాయి. ఆ కడ్డీ గుర్రపు జీను రికాబు ఆకారంలోని పట్టీని పైకెత్తి, రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి ముఖానికి అదిమిపెడుతుంది. అంటే హ్యాండిల్, బ్రేకు వేర్వేరు కావు. ఒకదాన్ని తీస్తే రెండోదీ పోయినట్లే.

పోనీ, కేబుల్ బ్రేకులు వేయిద్దామన్నా కుదరదు. అవి రిమ్ము పక్క గోడలను రెండు వైపులా పట్టుకొని ఆపుతాయి. కడ్డీ బ్రేకుల రిమ్ము పక్కలు గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటాయి. రబ్బరు ముక్కకు అక్కడ సమతలం దొరకదు. ముందు ఒక్క బ్రేకుతో నెట్టుకొస్తామని కొందరు, చెప్పు నేలకు రాసి ఆపేస్తామని ఇంకొందరు ధీమాగా చెబుతుంటారు. వంతెన దిగుతున్నప్పుడు ఎదురుగా బస్సు వస్తే ఆ ధీమా నిలవదు. హ్యాండిల్ మార్చాలంటే రిమ్ములు, చువ్వలు, బ్రేకులు అన్నీ మార్చాలి. ఆ ఖర్చుకు మరికొంత జోడిస్తే వేరే సైకిలే వస్తుంది. కాబట్టి కడ్డీ బ్రేకుల సైకిల్‌కు దానితో వచ్చిన హ్యాండిల్‌నే ఉంచి, ఎత్తు సరిచేయించుకోవడమే మేలు.

ఎత్తు మార్చేటప్పుడూ ఒక జాగ్రత్త అవసరం. హ్యాండిల్‌ను ఒక అంగుళం పైకెత్తితే దానితోపాటు ముందు బ్రేకు కడ్డీ కూడా పైకి లేచి, బ్రేకు పట్టేసినట్లవుతుంది. కిందికి దించితే కడ్డీ వదులై మీట ఎంత నొక్కినా బ్రేకు పడదు. ఎత్తు మార్చిన వెంటనే కడ్డీపై ఉండే బిగింపును సడలించి, పొడవు సరిచూసి మళ్లీ బిగించాలి. కొందరు ఈ పని సొంతంగా చేసుకొని రెండో సగం మరచిపోతుంటారు.

లోపల ఎంత పైపు మిగిలింది?

పాత సైకిళ్లలో హ్యాండిల్ కాడ ఫోర్కు పైపులోకి దిగి ఉంటుంది. పైన కనిపించే పొడవాటి బోల్టును బిగిస్తే అడుగున ఉన్న ఏటవాలు ముక్క పైకి లేచి, కాడను లోపలి గోడకు పట్టేలా చేస్తుంది. ఎత్తు మార్చడానికి బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి, తలపై చెక్కముక్క ఉంచి సుత్తితో తట్టాలి. అప్పుడు గానీ లోపలి ముక్క ఊడిరాదు.

పొడగరులు హ్యాండిల్‌ను ఎంత వీలైతే అంత పైకి లాగించుకుంటారు. కాడపై చెక్కిన గీత ఉంటే అది బయటకు కనిపించకూడదు. గీత లేకపోతే కనీసం రెండున్నర అంగుళాల కాడ లోపల ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే గోతిలో పడినప్పుడు కాడ వంగవచ్చు, ఒక్కోసారి హ్యాండిల్ చేతికే ఊడిరావచ్చు. బిగింపు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. సైకిల్‌కు ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఒడిసిపట్టి, హ్యాండిల్‌ను అటూ ఇటూ గట్టిగా తిప్పాలి. చక్రం కదలకుండా హ్యాండిల్ తిరిగితే బోల్టు ఇంకా బిగించాలన్నమాట.

కొత్త హ్యాండిల్ కొనేవారు కంటికి నచ్చినదల్లా తీసుకోకూడదు. పిడి తొడిగే చోట పైపు వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. మధ్యలో కాడ పట్టుకునే చోట పాత రకాల్లో ఎక్కువగా 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళం. ఇటీవలి గేర్ల సైకిళ్లలో 31.8 మిల్లీమీటర్ల లావు రకం వస్తోంది. సన్న పైపును లావు కాడలో పెట్టి, సందులో రేకు ముక్కలు కుక్కి బిగించడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. కొన్నాళ్లకు రేకు నలిగి హ్యాండిల్ హఠాత్తుగా కిందికి తిరిగిపోతుంది. పాత హ్యాండిల్‌ను దుకాణానికి తీసుకెళ్లి కొలత సరిచూసి కొనడం ఉత్తమం.

వెడల్పు విషయానికి వస్తే, భుజాల కంటే కొద్దిగా ఎక్కువగా ఉంటే చాలు. కొండ దారుల కోసం తయారైన 70 సెంటీమీటర్లకు పైబడిన హ్యాండిళ్లు మార్కెట్ సందుల్లో ఆటోల అద్దాలకు తగులుతాయి. అలాంటి దాన్ని కోయించాలనుకునేవారు ముందుగా పిడులు, బ్రేకు మీటలు లోపలికి జరిపి నాలుగు రోజులు తొక్కి చూడాలి. నచ్చితే రెండు వైపులా సమానంగా కోయాలి. కోసిన ఇనుము మళ్లీ అతకదు. హ్యాండిల్‌ను ఎత్తించినా, వెడల్పు పెంచినా కేబుళ్లు చాలినంత పొడవున్నాయో లేదో చూసుకోవాలి. చక్రాన్ని ఒక వైపు పూర్తిగా తిప్పినప్పుడు కేబుల్ బిగుసుకుపోతే మలుపులో బ్రేకు దానంతట అదే పడుతుంది.

చివర్లు మూసి ఉండాల్సిందే

పిడుల చివర చిరిగి, పైపు నోరు తెరుచుకొని ఉన్న సైకిళ్లు వీధికి పది కనిపిస్తాయి. పిల్లలు కిందపడినప్పుడు హ్యాండిల్ అడ్డం తిరిగి, ఆ పైపు అంచు పొట్టలో గుచ్చుకోవడం వైద్యులకు కొత్తేమీ కాదు. పైకి చిన్న కమిలిన గుర్తే కనిపించినా లోపల కాలేయం, ప్లీహం, క్లోమం దెబ్బతినే అవకాశం ఉంది. హ్యాండిల్ పొట్టలో తగిలి పడిన పిల్లవాడు కడుపునొప్పి అన్నా, వాంతి చేసుకున్నా ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొత్త పిడుల జతకు అయ్యే ఖర్చు ఒక పూట టిఫిను డబ్బుకు మించదు.

చూడటానికి ఒకటి, కనిపించడానికి ఒకటి

సైకిల్‌కు లైటు లేకపోతే పోలీసులు ఆపి, టైర్లలో గాలి తీసేసిన రోజులను పెద్దలు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. ఆ భయానికే కిరోసిన్ దీపమో, డైనమోనో ఉండేది. ఇప్పుడా తనిఖీలూ లేవు, దీపాలూ లేవు. రోడ్లు మాత్రం అప్పటికంటే నున్నగా తయారై వాహనాల వేగం పెరిగింది.

దీపం రెండు పనులు చేయాలి. దారి మనకు కనిపించడం ఒకటి, మనం ఇతరులకు కనిపించడం రెండోది. వీధి దీపాలున్న భీమవరం, తణుకు వంటి పట్టణాల్లో రెండో పనే ముఖ్యం. అక్కడ 50 నుంచి 100 ల్యూమెన్ల చిన్న ఎల్ఈడీ దీపం సరిపోతుంది. చిమ్మచీకటి గట్టుపై గోతులు, పాములు, తెగిన గట్టు అంచు కనిపించాలంటే 200 నుంచి 400 ల్యూమెన్లు కావాలి. పెట్టెపై వేలల్లో అంకెలు ముద్రించిన చౌక దీపాలను నమ్మనవసరం లేదు. కాంతి ఎంత ఉందనే దానికంటే అది రోడ్డుపై పడుతోందా, ఆకాశానికి పోతోందా అన్నదే ముఖ్యం.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ సెకనుకు నాలుగు మీటర్లకు పైగా సాగుతుంది. గోతిని గమనించి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే ఆరు మీటర్లు గడిచిపోతుంది. ఆగడానికి మరో మూడు మీటర్లు. అంటే కనీసం పది మీటర్ల ముందు దారి కనిపించాలి. వానలో తడిసిన ఇనుప రిమ్ములపై బ్రేకు సరిగా పడదు కాబట్టి ఆ దూరం మరింత పెరుగుతుంది. సెల్‌ఫోన్ టార్చి వెలుగు చెదిరిపోతుంది గనుక అంత దూరం పనికిరాదు.

ఇక వెనుక నుంచి వచ్చే కారు సంగతి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 22 మీటర్లు దూసుకొస్తుంది. హెడ్‌లైట్లు దించి ఉన్నప్పుడు ముదురు రంగు దుస్తులు వేసుకున్న మనిషి 50 మీటర్లలోపునకు వస్తే గానీ డ్రైవరుకు సరిగా కనిపించడు. డ్రైవరు తేరుకొని బ్రేకు వేసేలోపే 30 మీటర్లకు పైగా కరిగిపోతుంది. వెలిగే ఎర్ర దీపం మాత్రం కొన్ని వందల మీటర్ల నుంచే కనిపిస్తుంది. రెండింటికీ మధ్య ఉన్న ఆ దూరమే ప్రాణాన్ని కాపాడేది.

డైనమో ఇంకా పనికొస్తుందా?

టైరుకు రాసుకొని తిరిగే సీసా ఆకారపు డైనమోను పూర్తిగా కొట్టిపారేయలేం. ఛార్జింగ్ మరచిపోయామన్న బెంగ ఉండదు. సాధారణంగా ఇది ఆరు వోల్టుల్లో మూడు వాట్ల విద్యుత్తు ఇస్తుంది. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, 0.6 వాటు వెనుక బల్బుకు. ఒక బల్బు మాడితే ఆ భారమంతా రెండోదానిపై పడి అదీ మాడిపోతుంది. తొక్కడం ఆపితే దీపం ఆరిపోవడం దీని పెద్ద లోపం. రోడ్డు దాటడానికి మధ్యలో ఆగినప్పుడే దీపం ఎక్కువ అవసరం మరి. వానలో టైరు తడిస్తే డైనమో తల జారి వెలుగు మినుకుమినుకుమంటుంది.

ఉన్న డైనమోను వాడుకోదలచినవారు రెండు విషయాలు గమనించాలి. డైనమో నడుమ గీత చక్రం ఇరుసు వైపు సూటిగా చూడాలి. పక్కకు వాలితే టైరు అరుగుతుంది, తొక్కడం బరువవుతుంది. రెండోది, దీనికి తీగ ఒక్కటే ఉంటుంది. తిరుగు దారి సైకిల్ ఫ్రేమే. పట్టీ కింద రంగు గీకకపోతే వలయం పూర్తికాదు, దీపం వెలగదు. బల్బు, తీగ మార్చి విసిగిపోయిన ఎందరో చూడనిది ఆ రంగునే. ముందు ఫోర్కుకు బిగించిన డైనమో వదులైతే చువ్వల్లోకి జారి చక్రాన్ని పట్టేయవచ్చు. పట్టీ బోల్టును నెలకోసారైనా బిగించుకోవాలి.

ముందు దీపం ఎక్కడ?

తిన్నని హ్యాండిల్‌కు దీపం బిగించడం తేలిక. కాడకు కాస్త కుడివైపున, కేబుళ్లు అడ్డురాని చోట పట్టీ వేస్తే చాలు. పైపు సన్నమై పట్టీ వదులుగా ఉంటే పాత ట్యూబు ముక్కను ఒక చుట్టు చుట్టి బిగించాలి. గతుకుల్లో దీపం కిందికి వాలకుండా ఆ రబ్బరు పట్టుకుంటుంది.

నల్ల సైకిల్‌లో పరిస్థితి వేరు. హ్యాండిల్ వెంబడి బ్రేకు కడ్డీలు పోతుంటాయి. పట్టీని కడ్డీతో కలిపి బిగిస్తే బ్రేకు మీట కదలదు, లేదా మీట నొక్కిన ప్రతిసారీ దీపం తల ఊపుతుంది. ఈ సైకిళ్లకు కిరోసిన్ దీపాల కాలం నుంచీ హ్యాండిల్ కాడ కింద, ఎదురుగా ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. చాలామందికి అదెందుకో తెలియక సంచి తగిలిస్తున్నారు. అది దీపం కోసం పెట్టిందే. ఆ కొక్కేనికి చిన్న పైపు ముక్కను అడ్డంగా బిగించి, దానిపై ఎల్ఈడీ దీపాన్ని అమర్చుకోవచ్చు. వెల్డింగ్ దుకాణంలో పావుగంట పని.

బుట్ట ఉన్న బాలికల సైకిళ్లలో హ్యాండిల్‌పై దీపం పెడితే వెలుగు పుస్తకాల సంచిపైనే పడుతుంది. అక్కడ బుట్ట ముందు అంచుకో, ముందు ఫోర్కుకో బిగించాలి. దీపం కిందికి ఉంటే మరో లాభం ఉంది. వెలుగు ఏటవాలుగా పడి గోతుల నీడలు పొడవుగా సాగుతాయి కాబట్టి గతుకులు స్పష్టంగా తెలుస్తాయి. టిఫిన్ క్యారియర్‌ను, కూరగాయల సంచిని హ్యాండిల్‌కు వేలాడదీసేవారు అది దీపానికి అడ్డొస్తుందన్న సంగతి గమనించరు. ఊగే సంచి ముందు చువ్వల్లో ఇరుక్కుంటే సైకిల్ ఉన్నచోటే ఆగి మనిషి ముందుకు పడతాడు. ఏ బరువైనా వెనుక క్యారియర్‌కే కట్టాలి.

గోడ ముందు పరీక్ష

దీపం కొన్నవారిలో నూటికి తొంభైమంది చేసే పొరపాటు ఒకటుంది. వెలుగు ఎంత దూరం పోతే అంత మంచిదని దాన్ని పైకెత్తి పెడతారు. గుండ్రని టార్చి వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. రెండు సైకిళ్లు పట్టేంత గట్టుపై ఎదురొచ్చే మనిషి ఒక్క క్షణం కళ్లు చీకట్లు కమ్మి కాలువ వైపు జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

జర్మనీ రహదారి నిబంధనల్లో చాలాకాలం పాటించిన ఒక కొలత ఇక్కడా పనికొస్తుంది. దీపం నుంచి ఐదు మీటర్ల దూరంలో, వెలుగు నడిబొడ్డు దీపం ఎత్తులో సగానికి దిగి ఉండాలి. ఇంటి దగ్గర ఇలా చూసుకోవచ్చు. రాత్రిపూట సైకిల్‌ను గోడకు ఐదు మీటర్ల దూరంలో, సుమారు పెద్ద అడుగులు ఆరేడు వేసినంత దూరంలో, నిలబెట్టాలి. స్టాండుపై కాకుండా చక్రాలు రెండూ నేలపై ఉండేలా ఒకరు పట్టుకోవాలి. దీపం నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, గోడపై బాగా కాంతిగా ఉన్న మచ్చ 45 సెంటీమీటర్ల ఎత్తులో పడాలి. అప్పుడది రోడ్డును పది మీటర్ల ముందు తాకుతుంది. ముందు లెక్కలో కావాలనుకున్న దూరమూ అదే. గోడపై బొగ్గుతో ఒక గీత గీసుకుంటే తర్వాత ఎప్పుడు సరిచూసుకున్నా రెండు నిమిషాల పనే.

ముందు దీపాన్ని మిణుకుమిణుకుమనేలా పెట్టడం పట్టణంలో ఫరవాలేదు. చీకటి రోడ్డుపై మాత్రం నిలకడగా వెలగాలి. ఆరుతూ వెలుగుతూ ఉండే దీపం ఎంత దూరంలో ఉందో ఎదుటివారికి అంచనా దొరకదు. తొక్కేవారికి కూడా దారి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

వెనుక దీపానికి అడ్డులెన్నో

వెనుక ఎర్ర దీపాన్ని సీటు కింది గొట్టానికి తగిలించడం పరిపాటి. దుకాణంలో చూస్తే బాగానే ఉంటుంది. ఇంటికెళ్లాక క్యారియర్‌పై పాల క్యాన్లో, గడ్డిమోపో, మేత బస్తానో ఎక్కగానే అది కనుమరుగవుతుంది. బరువు వేసేవారు దీపాన్ని క్యారియర్ చివరి అంచుకు గానీ, వెనుక మడ్‌గార్డుకు గానీ బిగించాలి. మడ్‌గార్డుపై వీలుకాకపోతే వెనుక చక్రం పక్క కడ్డీకి, అదీ కుడివైపున పెట్టాలి. మనకు వాహనాలు దాటి వెళ్లేది కుడివైపు నుంచే కదా. దీపం ముఖం రోడ్డుకు సమాంతరంగా వెనక్కి చూడాలి. కాస్త పైకి, కిందికి వాలినా సగం కాంతి వృథా అవుతుంది. వదులు చొక్కా, లుంగీ అంచు దీపంపై పడకుండా చూసుకోవాలి.

వెనుక ఎరుపు, ముందు తెలుపు. ఈ రంగులను తారుమారు చేయకూడదు. చక్రాలకు నీలం, ఆకుపచ్చ దీపాలు చుట్టించుకొని వెనుక ఏదీ లేకుండా తిరిగే యువకులు లారీ డ్రైవర్లను తికమకపెట్టడం తప్ప తమకు చేసుకునే మేలేమీ లేదు.

‘రేడియం’ పట్టీల అండ

మన వాడుకలో రేడియం స్టిక్కర్ అంటున్నది నిజానికి రేడియం కాదు, అది సొంతంగా వెలగదు కూడా. తనపై పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందుకే హెడ్‌లైటు పడినప్పుడే మెరుస్తుంది. దీపం లేని ఎదుటి సైకిలిస్టుకు, పాదచారికి అది కనిపించదు. కాబట్టి దీపానికి అది తోడే తప్ప బదులు కాదు. కొత్త సైకిళ్లకు ప్రమాణాలకు తగిన రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. అమలు గడువు ఆ తర్వాత 2023 వరకు వాయిదాపడుతూ వచ్చింది. ఈలోగా రోడ్డెక్కిన లెక్కలేనన్ని పాత సైకిళ్లకు ఉన్నవి చాలాచోట్ల పగిలిపోయాయి, లేదా మట్టి పట్టి మూగబోయాయి.

పెడల్‌కు రెండు వైపులా ఉండే పసుపు రిఫ్లెక్టర్లు చిన్నవే అయినా పని గొప్పది. పైకీ కిందికీ కదిలే ఆ మెరుపును చూడగానే ముందున్నది సైకిల్ తొక్కే మనిషని డ్రైవరుకు తెలిసిపోతుంది. అవి ఊడిపోయినవారు పెడల్ అంచుకు పట్టీ ముక్క అంటించుకోవచ్చు. వెనుక మడ్‌గార్డుకు, క్యారియర్ చివరకు, పాల క్యాన్లకు ఎర్ర పట్టీ, ముందు ఫోర్కుకు తెల్ల పట్టీ వేయాలి. అంటించే ముందు నూనె, మట్టి పూర్తిగా తుడవకపోతే వారం తిరక్కుండా ఊడిపోతాయి.

మంచు, వాన, ఛార్జింగ్

ఛార్జింగ్ దీపాలు సెల్‌ఫోన్ ఛార్జరుతోనే పనిచేస్తాయి. ఫోన్ పెట్టినప్పుడే దీపాన్నీ పెట్టే అలవాటు చేసుకుంటే దారి మధ్యలో ఆరిపోదు. తడిసిన దీపాన్ని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకూడదు. రబ్బరు మూత తీసి ఆరనివ్వాలి. సైకిల్‌ను స్టాండులో వదిలి వెళ్లేవారు దీపాన్ని తీసి జేబులో వేసుకోవడమే శ్రేయస్కరం. అందువల్ల మీట నొక్కితే ఊడివచ్చే రకం కొనడం మంచిది. చెరువుల దగ్గర ఉప్పునీటి గాలికి బ్యాటరీ పలకలు త్వరగా చిలుముపడతాయి. పొడి గుడ్డతో అప్పుడప్పుడు తుడవాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో డెల్టాపై మంచు దుప్పటి కప్పేస్తుంది. అప్పుడు ముందు దీపం కాంతిని పెంచితే మంచుపై పడి తెల్లని తెరలా తిరిగి కళ్లలోనే కొడుతుంది. కాంతి తగ్గించి, దీపాన్ని మరికాస్త కిందికి వంచుకోవాలి. వెనుక దీపాన్ని మాత్రం పూర్తి కాంతితో నిలకడగా ఉంచాలి. దాళ్వా కోతల కాలంలో ధాన్యం బస్తాలు నింపిన ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండానే రోడ్డు పక్కన ఆగి ఉంటాయి. సైకిల్‌కున్న ముందు దీపం ఆ ట్రక్కును పది మీటర్ల ముందే చూపిస్తే, హ్యాండిల్‌ను కుడివైపు తిప్పే ముందు ఒకసారి వెనక్కి చూసుకునేందుకు సమయం చిక్కుతుంది.